బీఆర్ఎస్ఆర్, సుస్థిరత నివేదికలు: పెద్ద కంపెనీలూ వాటికి సరుకిచ్చే చిన్న యూనిట్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాదికోసారి రాసి పడేసే కాగితంగా చూస్తే ఈ నివేదిక పెద్ద తలనొప్పే. రోజూ రాసుకునే లెక్కల్లో భాగం చేసుకుంటే సగం భారం అక్కడే తగ్గిపోతుంది. అందుకే కింది జవాబుల్లో చట్టం సంగతి క్లుప్తంగా చెప్పి, లెక్కల సంగతి కాస్త విడమరిచి చెప్పాను. అసలు చిక్కంతా లెక్కల దగ్గరే వస్తుంది.

బీఆర్ఎస్ఆర్ అంటే ఏమిటి?

బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్. కంపెనీ తన లాభనష్టాలతో పాటు ఎంత కరెంటు, నీరు వాడింది, ఎంత వ్యర్థం బయటికి పంపింది, పనివాళ్లను ఎలా చూసుకుంది, సరఫరాదారులకు డబ్బు ఎన్నాళ్లకు చెల్లించింది వంటి వివరాలు చెప్పే నివేదిక ఇది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 మే నెలలో ఈ నమూనాను తెచ్చింది. కంపెనీ వార్షిక నివేదికలో భాగంగా దీన్ని ఇవ్వాలి. స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా తెరిచి చదువుకోవచ్చు.

ఇదీ సీఎస్ఆర్ ఒకటే కదా? మేము ఏటా బడికి బెంచీలు ఇస్తున్నాం.

రెండూ వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) అనేది కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెట్టాల్సిన ఖర్చు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్క హద్దును చేరినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజహిత పనులకు పెట్టాలి. లాభం వచ్చాక దాన్ని ఎలా పంచారన్నది అక్కడి ప్రశ్న.

బీఆర్ఎస్ఆర్ అడిగేది ఆ లాభం ఎలా వచ్చిందని. బడికి బెంచీలు ఇచ్చిన కంపెనీయే వెనకనున్న కాలువలోకి శుద్ధి చేయని నీళ్లు వదులుతుంటే, సీఎస్ఆర్ ఖాతాలో ఆ సంగతి కనిపించదు. బీఆర్ఎస్ఆర్‌లో మాత్రం శుద్ధి చేసి ఎంత వదిలారో, చేయకుండా ఎంత వదిలారో విడివిడిగా రాయాలి. బెంచీల గురించి కూడా ఇందులో చిన్న చోటు ఉంది. అది నివేదికలో ఒక మూల మాత్రమే.

ఎవరికి తప్పనిసరి?

మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు. 2021-22లో ఇష్టమైతే ఇచ్చే వీలుండేది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరి చేశారు. ఈ జాబితాలోకి ఒకసారి వచ్చిన కంపెనీ మరుసటి ఏడాది ర్యాంకు తగ్గిందని వెంటనే మానేయడానికి లేదు. వరసగా మూడేళ్లు జాబితా బయట ఉంటేనే ఆ బాధ్యత తొలగుతుంది.

లిస్టు కాని కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, చిన్న యూనిట్లు నేరుగా దీని కిందికి రావు. చుట్టుతిరిగి ఎలా వస్తాయో కొంచెం ముందుకెళ్లాక చెబుతాను.

ఇంత పెద్ద ఫారం ఒక్కసారిగా ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఒక్కసారిగా రాలేదు. కంపెనీ వ్యవహారాల శాఖ 2011లో స్వచ్ఛంద మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ఆధారంగా సెబీ 2012లో మొదటి 100 కంపెనీలకు బీఆర్ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ రిపోర్ట్) అనే చిన్న నివేదికను తప్పనిసరి చేసింది. తర్వాత దాన్ని 500కు, 2019 చివర్లో 1,000కి పెంచింది. అదే 2019లో పాత మార్గదర్శకాలను సవరించి తొమ్మిది సూత్రాలతో కొత్తవి తెచ్చారు. ఆ తొమ్మిది సూత్రాలే నేటి బీఆర్ఎస్ఆర్‌కు వెన్నెముక. పాత నివేదికలో చాలా ప్రశ్నలకు ‘అవును’, ‘కాదు’ అంటే సరిపోయేది. ఇప్పుడు అంకె కావాలి. నా దృష్టిలో వచ్చిన అసలు మార్పు ఇదే.

నివేదికలో ఏమేం ఉంటాయి?

మూడు భాగాలు. ‘ఎ’లో కంపెనీ పరిచయం, ఎన్ని ప్లాంట్లు, ఎంతమంది సిబ్బంది, అందులో ఆడవాళ్లెందరు, ఎన్ని ఫిర్యాదులు అనేవి వస్తాయి. ‘బి’లో కంపెనీ విధానాలు, వాటిని బోర్డులో ఎవరు చూస్తారన్నది. ‘సి’లో తొమ్మిది సూత్రాల వారీగా పనితీరు. ‘సి’లోని ప్రశ్నలు మళ్లీ రెండు రకాలు: తప్పక ఇవ్వాల్సినవి, ఇస్తే మంచిది అన్నవి. సరఫరాదారుల ద్వారా, రవాణా ద్వారా వచ్చే ఉద్గారాల వంటివి రెండో రకంలో ఉన్నాయి.

‘బీఆర్ఎస్ఆర్ కోర్’ అని ఇంకొకటి వినిపిస్తోంది. అదేమిటి?

మొత్తం నివేదికలోంచి ఏరిన తొమ్మిది అంశాలు. కర్బన ఉద్గారాలు, నీరు, ఇంధనం, వ్యర్థాలు, ఉద్యోగుల సంక్షేమం-భద్రత, మహిళల వాటా, సమ్మిళిత అభివృద్ధి, వినియోగదారులతోనూ సరఫరాదారులతోనూ నిజాయితీ, వ్యాపారంలో పారదర్శకత. సెబీ 2023 జూలైలో వీటిని విడదీసి, ఈ అంకెలను బయటివాళ్ల చేత తనిఖీ చేయించాలని చెప్పింది. 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలుపెట్టి, తర్వాతి ఏడాది 250, ఆపైన 500, 2026-27కు 1,000 కంపెనీలకు విస్తరించేలా గడువులు పెట్టింది.

ఇందులో మన దేశ పరిస్థితికి తగ్గట్టుగా చేర్చిన ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. మొత్తం కొనుగోళ్లలో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల నుంచి నేరుగా కొన్నది ఎంత శాతం? పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పనిచేసేవాళ్లకు ఇచ్చిన జీతాలు ఎంత శాతం? మొత్తం జీతాల్లో ఆడవాళ్లకు అందినది ఎంత? సరుకు కొన్నాక డబ్బు చెల్లించడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది? ఈ చివరిదాన్ని ప్రతి చిన్న సరఫరాదారూ చదవాలి. మీ బిల్లును నెలల తరబడి ఆపే పెద్ద కంపెనీ తన నివేదికలో ఎన్ని రోజులని రాసుకుందో చూడండి. డబ్బు అడగడానికి వెళ్లినప్పుడు ఆ అంకె మీ చేతిలో ఉంటే మాట వేరుగా ఉంటుంది.

మాది ఎనభైమంది పనిచేసే యూనిట్. పెద్ద కంపెనీ ఒకటి పన్నెండు పేజీల ఫారం పంపి నింపమంది. చట్టప్రకారం నింపాలా?

చట్టం మిమ్మల్ని నేరుగా అడగడం లేదు. మీ కొనుగోలుదారును అడుగుతోంది, అదీ స్వచ్ఛందంగా. మొదట్లో సెబీ మొదటి 250 కంపెనీలు తమ సరఫరా గొలుసు వివరాలు కూడా ఇవ్వాలని, ఇవ్వలేకపోతే కారణం చెప్పాలని పెట్టింది. 2025 మార్చిలో దాన్ని సడలించి, 2025-26 నుంచి ఇష్టమైతే ఇచ్చేదిగా మార్చింది. అది కూడా కంపెనీ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో విలువపరంగా 2 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న భాగస్వాములకే పరిమితం. అలాంటివాళ్లందరినీ కలిపి 75 శాతం వరకు చూపిస్తే చాలు. ఆ కంపెనీ కొనుగోళ్లలో మీ వాటా అర శాతమే అయితే, సెబీ నియమం ప్రకారం మీ అంకెలు దానికి అక్కర్లేదు.

చట్టం ఎలా ఉన్నా ఆర్డరు ఇచ్చేది కొనుగోలుదారే. నా సలహా ఇది: ఫారం మొత్తం చదివి, మీ దగ్గర కాగితం ఆధారం ఉన్నవి నింపండి. లేనిచోట ‘ప్రస్తుతం నమోదు చేయడం లేదు, ఫలానా నెల నుంచి మొదలుపెడతాం’ అని రాయండి. ఖాళీ కనిపించకూడదని ఊహించి అంకె వేయకండి. వచ్చే ఏడాది నిజంగా కొలిచినప్పుడు ఆ అంకె రెట్టింపయిందనుకోండి, మీరు కాలుష్యం పెంచారని అనుకుంటారు. నిరుడు ఊహించి రాశామని అప్పుడు చెప్పుకోలేరు.

ఇంకొక మాట. పది కంపెనీలు పది రకాల ఫారాలు పంపినా అడిగేది మాత్రం ఇంచుమించు ఒకటే. కరెంటు యూనిట్లు, ఇంధనం, నీరు, వ్యర్థాలు, పనివాళ్ల సంఖ్య, ప్రమాదాలు, వేతనాలు. వీటిని నెలవారీగా ఒక షీటులో పెట్టుకుంటే ఏ ఫారం వచ్చినా అరపూట పని.

స్కోప్ 1, 2, 3 అంటే ఏమిటి? ప్రతి ఫారంలోనూ ఇవే ఉంటున్నాయి.

ఉద్గారాలు ఎక్కడ పుట్టాయో చెప్పే విభజన ఇది. గ్రీన్‌హౌస్ వాయువులను లెక్కగట్టే పద్ధతిగా 2001లో వచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ దీన్ని స్థిరపరిచింది. ఇప్పుడు ప్రపంచమంతా దీన్నే వాడుతున్నారు.

మీ ఆవరణలో, మీ చేతిలో ఉన్న యంత్రాల్లో మండినది స్కోప్ 1: జనరేటర్ డీజిల్, బాయిలర్ బొగ్గు, ఫోర్క్‌లిఫ్ట్, కంపెనీ సొంత లారీలు. మీరు కొన్న కరెంటు తయారయ్యేటప్పుడు వేరే ఎక్కడో వెలువడినది స్కోప్ 2. మిగతాదంతా స్కోప్ 3: ముడిసరుకు తయారీ, అద్దె లారీలు, ఉద్యోగుల రాకపోకలు, అమ్మిన వస్తువును జనం వాడటం, చివరికి పారేయడం. ఇందులో 15 రకాలున్నాయి.

ఒకరి స్కోప్ 1, 2 మరొకరి స్కోప్ 3 అవుతుంది. మీ జనరేటర్ పొగ మీ ఖాతాలో స్కోప్ 1, మీ దగ్గర సరుకు కొన్న కంపెనీ ఖాతాలో స్కోప్ 3. ఆ పన్నెండు పేజీల ఫారం మీదాకా రావడానికి కారణం ఇదే.

స్కోప్ 1లో చాలామంది మరచిపోయేది ఏసీల్లో, శీతల గిడ్డంగుల్లో నింపే గ్యాసు. ఏడాదిలో 5 కిలోల ఆర్-410ఏ గ్యాసు తిరిగి నింపించారంటే, అంతమేర బయటికి పోయిందని అర్థం. అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 2,000 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ ఐదు కిలోలు సుమారు 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సుమారు 3,700 లీటర్ల డీజిల్ కాల్చినంత! ఏసీ మెకానిక్ ఇచ్చే బిల్లులో ఎన్ని కిలోలు నింపాడో తప్పకుండా రాయించుకోండి.

కరెంటు బిల్లు చేతిలో పెట్టుకుని ఉద్గారాలు ఎలా లెక్కగట్టాలి?

గుణకారం వస్తే చాలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గ్రిడ్ కరెంటుకు సగటు ఉద్గార గుణకాన్ని ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. అది ఇటీవల యూనిట్‌కు 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌గా ఉంటోంది. లీటరు డీజిల్ మండితే సుమారు 2.68 కిలోలు వస్తుంది.

ఒక చిన్న ఫ్యాక్టరీ ఏడాదికి 2,40,000 యూనిట్ల కరెంటు, 6,000 లీటర్ల డీజిల్ వాడిందనుకుందాం. సులువు కోసం 0.7 తీసుకుంటే కరెంటు తాలూకు ఉద్గారాలు 1,68,000 కిలోలు, అంటే 168 టన్నులు. ఇది స్కోప్ 2. డీజిల్‌వి 16 టన్నులు, ఇది స్కోప్ 1. అసలు నివేదికలో మాత్రం ఆ ఏడాదికి వర్తించే గుణకాన్ని చూసి వేయాలి, ఏ సంచిక నుంచి తీసుకున్నారో పక్కనే రాసి పెట్టుకోవాలి.

పొరపాటు జరిగేది గుణకారంలో కాదు, దానికి ముందే. బిల్లు తేదీ నెల మధ్యలో పడుతుంది. మార్చి చివరి వారాల యూనిట్లు ఏప్రిల్ బిల్లులోకి జారిపోతాయి. ప్రతి నెల చివరిరోజు మీటరు రీడింగు ఫొటో తీసి దాచుకుంటే ఈ పేచీ ఉండదు. డీజిల్ విషయంలో కొన్నది వేరు, వాడింది వేరు. మార్చి 31న డ్రమ్ముల్లో ఎంత మిగిలిందో కొలవకపోతే లెక్క తప్పుతుంది.

మా బాయిలర్ ఊకతో నడుస్తుంది. సున్నా వేయొచ్చా?

పూర్తిగా సున్నా కాదు. ఊక, చెరకు పిప్పి వంటివి మండినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి, స్కోప్ 1 మొత్తంలో కలపకుండా విడిగా చూపిస్తారు. విడిగా చూపించాలి అంటే చూపించనక్కర్లేదని కాదు. పైగా అదే మంటలో వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోకే వస్తాయి. ఊక దొరకని నెలల్లో బొగ్గు వేస్తే ఆ టన్నులు పూర్తిగా స్కోప్ 1. కాబట్టి ఏ నెలలో ఏ ఇంధనం ఎన్ని టన్నులు పడిందో బాయిలర్ దగ్గరి లాగ్ పుస్తకంలోనే రాయించండి.

పైకప్పు మీద సోలార్ ఉంది. దాన్ని ఎలా చూపాలి?

మీరు వాడుకున్న యూనిట్లు పునరుత్పాదక ఇంధనం కింద చూపండి. ఆ కరెంటుకు సంబంధించిన పునరుత్పాదక ధ్రువపత్రాలను వేరొకరికి అమ్మేసి ఉంటే మాత్రం, ‘హరిత విద్యుత్ వాడాం’ అని చెప్పుకునే హక్కు మీ చేతిలోంచి ఆ పత్రాలు కొన్నవాళ్లకు వెళ్లిపోయింది. ఒకే యూనిట్‌ను ఇద్దరు చెప్పుకోకూడదు.

నీటికి మీటరు లేదు. బోరు నీళ్లు, ట్యాంకర్లు. ఏం చేయాలి?

బోరుకు మీటరు పెట్టండి. నివేదిక సంగతి అటుంచినా, భూగర్భ జలం ఎంత తోడుతున్నారో తెలియకుండా ఫ్యాక్టరీ నడపడం మంచిది కాదు. అది పెట్టేలోగా మోటారు గంటకు ఎన్ని లీటర్లు తోడుతుందో డ్రమ్ముతో కొలిచి, నడిచిన గంటలతో గుణించి, ‘అంచనా’ అని స్పష్టంగా రాయండి. ట్యాంకర్లకు బిల్లులుంటాయి.

నివేదికలో తోడిన నీరు ఏ వనరు నుంచి వచ్చిందో, బయటికి వదిలింది ఎక్కడికి, ఏ శుద్ధి తర్వాత అన్నది విడిగా ఉండాలి. తోడినదాంట్లోంచి వదిలినది తీసేస్తే మిగిలేదే వాడకం. తోడినదాన్నీ వాడకాన్నీ ఒకటిగా కలిపేయడం చాలా తరచుగా కనిపించే తప్పు.

కాంట్రాక్టు పనివాళ్లు మా ఉద్యోగులు కారు. వాళ్లకు దెబ్బ తగిలితే మేం రాయాలా?

రాయాలి. నమూనా శాశ్వత సిబ్బందిని, మిగతావారిని వేర్వేరు గడుల్లో అడుగుతుంది. రెండో గడి ఖాళీగా వదలడానికి లేదు. ఈ ప్రశ్నకు కాస్త గట్టిగానే జవాబు చెబుతాను. ఎత్తున ఎక్కేది, ట్యాంకులో దిగేది, బరువులు మోసేది చాలాచోట్ల కాంట్రాక్టు మనుషులే. వాళ్లను వదిలేసి ‘ప్రమాదాలు సున్నా’ అని రాస్తే, ఆ నివేదిక అత్యంత ప్రమాదంలో ఉన్నవాళ్లనే కనిపించకుండా చేసినట్టు.

కొలత ఇలా ఉంటుంది. పనికి రాలేనంతగా తగిలిన గాయాల సంఖ్యను 10 లక్షలతో గుణించి, అందరూ పనిచేసిన మొత్తం గంటలతో భాగించాలి. 300 మంది రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు పనిచేస్తే 7,20,000 గంటలు. మూడు గాయాలైతే రేటు 4.17. ఓవర్‌టైమ్ గంటలు కలపాలి. కాంట్రాక్టరు మస్టరు రోల్ (పనివాళ్ల హాజరు పట్టీ) నెలనెలా మీ దగ్గరికి రాకపోతే గంటలు తేలవు. అందుకే బిల్లు పాసు చేసే ముందు మస్టరు కాపీ జతచేయాలన్న షరతు పెట్టుకోవడం మంచిది.

అన్నట్టు, పోయిన ఏడాది మూడు, ఈ ఏడాది ఏడు అని వచ్చినంత మాత్రాన భద్రత దిగజారిందని అనుకోనక్కర్లేదు. చిన్న దెబ్బలను కూడా రాయడం మొదలుపెట్టిన తొలి ఏడాది అంకె పెరుగుతుంది. కారణాన్ని నివేదికలోనే ఒక వాక్యంలో చెప్పండి.

తనిఖీ ఎవరు చేయాలి? మా ఆడిటరే చేయొచ్చా?

ఫలానా వృత్తివాళ్లే చేయాలని సెబీ పెట్టలేదు. ఆ విషయంలో నైపుణ్యం, స్వతంత్రత ఉన్నవాళ్లను బోర్డు ఎంచుకోవాలి. నివేదిక తయారు చేసిపెట్టిన కన్సల్టెంటే దాన్ని తనిఖీ చేయడం కుదరదు. తన పేపరు తానే దిద్దుకున్నట్టవుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు తుది అంకెతో ఆగరు. బిల్లు, మీటరు ఫొటో, తూకం చీటీ, మస్టరు అడుగుతారు. అవి ఫైల్లో ఉంటే పని రోజుల్లో తెమిలిపోతుంది.

కన్సల్టెంటుకు అప్పగించేస్తే సరిపోదా?

రాయడం వరకు అప్పగించొచ్చు. మీటరు చూడటం, చీటీలు దాచడం మీ మనుషులే చేయాలి. అకౌంట్స్, స్టోర్స్, హెచ్‌ఆర్, మెయింటెనెన్స్ నుంచి తలా ఒకరికి ఏ అంకె ఎవరి బాధ్యతో పేరుతో సహా రాసివ్వండి.

యూరప్‌కు ఎగుమతి చేస్తున్నాం. అక్కడి నియమాలు మాకు వర్తిస్తాయా?

రెండు వేర్వేరు నియమాలున్నాయి, కలిపేసుకోకండి. ఒకటి సీఎస్ఆర్‌డీ, ఐరోపా సమాఖ్య నివేదికల చట్టం. 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. భారమెక్కువని విమర్శలు రావడంతో 2025 ఏప్రిల్‌లో చాలా కంపెనీలకు గడువు రెండేళ్లు వెనక్కి జరిపారు. 2025 డిసెంబరులో కుదిరిన అంగీకారం ప్రకారం, 1,000 మందికి మించి ఉద్యోగులు, 45 కోట్ల యూరోలకు మించి టర్నోవరు ఉన్న సంస్థలకే దాన్ని కుదించారు. ఇది మీ కొనుగోలుదారుకు వర్తిస్తుంది, మీకు ప్రశ్నల రూపంలో చేరుతుంది.

రెండోది సీబీఏఎం, సరిహద్దు కర్బన సుంకం. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తుకు వర్తిస్తుంది. 2023 అక్టోబరు నుంచి కేవలం వివరాలు ఇస్తే సరిపోయేది. 2026 జనవరి 1 నుంచి డబ్బుతో ముడిపడింది. కట్టేది అక్కడి దిగుమతిదారే అయినా, మీ ప్లాంటు అసలు అంకెలు ఇవ్వకపోతే అతను ప్రామాణిక అంకెలు వాడాలి. అవి కావాలనే కాస్త ఎక్కువగా పెడతారు. ఆ తేడా మీ ధరలో కోతగా వస్తుంది. బోల్టులు, పైపులు చేసేవాళ్లు దీన్ని బీఆర్ఎస్ఆర్ కంటే ముందు పట్టించుకోవాలి.

జీఆర్ఐ, ఐఎస్ఎస్‌బీ... ఇన్ని ప్రమాణాలెందుకు? అన్నీ చేయాలా?

అక్కర్లేదు. ఎవరి కోసం రాస్తున్నారన్న దాన్నిబట్టి అవి వేరు. జీఆర్ఐ (గ్లోబల్ రిపోర్టింగ్ ఇనీషియేటివ్) 1997 నుంచి ఉంది. కంపెనీ సమాజం మీద, ప్రకృతి మీద చూపే ప్రభావాన్ని అది అడుగుతుంది. ఐఎస్ఎస్‌బీ (అంతర్జాతీయ సుస్థిరత ప్రమాణాల బోర్డు) 2021లో ఏర్పడింది. 2023 జూన్‌లో ఇచ్చిన ఎస్1, ఎస్2 ప్రమాణాలు పెట్టుబడిదారుల కోసం. వాతావరణ మార్పు వంటివి కంపెనీ డబ్బును ఎలా దెబ్బతీయవచ్చన్నది వాటి ప్రశ్న. యూరప్ చట్టం రెండువైపుల నుంచీ చూడమంటుంది. బీఆర్ఎస్ఆర్ మీకు తప్పనిసరైతే ముందు అది సరిగ్గా చేయండి. అవే అంకెలు మిగతా చోట్లా పనికొస్తాయి.

ప్యాకెట్ మీద ‘పర్యావరణ హితం’ అని వేసుకోవచ్చా?

ఆధారం ఉంటేనే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఇలాంటి ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. ఏ విషయంలో హితమో, వస్తువుకా ప్యాకెట్‌కా అన్నది చెప్పాలి. నమ్మదగిన రుజువు చూపగలగాలి. నివేదికలో ఒక అంకె, ప్రకటనలో ఇంకో మాట ఉంటే పట్టుబడటానికి ఎంతోసేపు పట్టదు.

నిరుడు ఇచ్చిన అంకె తప్పని ఇప్పుడు తేలింది. బయటపెడితే పరువు పోతుందేమో?

బయటపెట్టండి. ఈ ఏడాది నివేదికలో పాత అంకె, సరిచేసిన అంకె పక్కపక్కన వేసి, ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో చెప్పండి: ఒక ప్లాంటు మీటరు కలపలేదనో, పాత గుణకం వాడామనో. సరఫరాదారులైతే ఫారం పంపిన కంపెనీకి ఉత్తరం రాసి, వాళ్ల నివేదిక అచ్చుకు వెళ్లే లోపే సరిచేసిన షీటు పంపండి. మార్చి ముగిశాక రెండు మూడు నెలల్లోనే వాళ్లు లెక్కలు మూసేస్తారు కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే పాత షీటు ఒకసారి తిరగేయండి.